చల్లని చోట ఉంచవలెను

ఆ ఇంట్లో పొద్దున పాలు కాగడానికి పొయ్యి అక్కర్లేదు. అత్తగారు గిన్నె కోడలి చేతిలో పెట్టి, నిన్న ఉతికిన దుప్పటి చూశానులే అని ఓ మాట అనేది. కోడలికి ఒళ్లు మండేది, అరచేతులు కాలేవి, పాలు పొంగేవి. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని చక్కగా టీ తాగేవాళ్లు. కోపం వస్తే పిల్ల చేతులు వేడెక్కుతాయని సంబంధం మాట్లాడేటప్పుడే చెప్పారు. గ్యాస్ కలిసొస్తుంది కదా అన్నారు అటువాళ్లు, అంతే.

ఇంట్లో ఎంత మండినా పర్లేదు. కోడలు పనిచేసే ఫ్యాక్టరీలో మాత్రం ఆవిడ కోపం పనికిరాదు. అక్కడ అందరూ ఆవిడ్ని ల్యాబమ్మ అంటారు. పెద్ద ట్యాంకుల్లో బ్యాక్టీరియాను పెంచి, అది వదిలే ఎంజైమును వడగట్టి డ్రమ్ములకు పడతారు. దాన్ని ఆకుల మీద చల్లితే, తిన్న పురుగు పొట్టలో పొర చిల్లులు పడి రెండు రోజుల్లో రాలిపోతుంది. మనిషికేమీ కాదు. కానీ వేడి తగిలిందా, ఆ ఎంజైము ఉత్త నీళ్లతో సమానం. అందుకే ల్యాబమ్మ పదకొండేళ్లుగా గేటు బయటే కోపాన్ని దిగమింగి లోపలికి వస్తోంది. తను పని నేర్పినవాడు తన నెత్తిన ఆఫీసరై కూర్చున్నప్పుడు కూడా చేతులు చల్లగానే ఉంచుకుంది.

ఆ ఎండాకాలం చల్లగది మిషను చెడిపోయింది. బాగు చేయించమని ఆవిడ మూడుసార్లు చెప్పింది. మేనేజరు చూద్దాం చూద్దాం అంటూనే నలభై డ్రమ్ములనూ రేకుల షెడ్డులో నాలుగు రోజులు మగ్గబెట్టాడు. ఆవిడ పరీక్ష చేసింది. రొయ్య పెంకుల పొడి కలిపి గడ్డకట్టించిన తెల్లటి పళ్లెంలో చుక్క వేస్తే, బతికున్న ఎంజైము ఆ పొడిని కరిగించి చుట్టూ గాజులాంటి వలయం గీస్తుంది. ఒక్క డ్రమ్ముకూ వలయం రాలేదు.

ఆ మాట చెబితే మేనేజరు తల కూడా ఎత్తలేదు. అదే బ్యాచు సీసా ఒకటి తన గదిలో ఫ్రిజ్‌లో ఉందట. రేపు తనిఖీకి వచ్చే ఆయనకు అది చూపించి డ్రమ్ములు లారీకి ఎక్కించేస్తారట.

"మరి రైతులు?" అంది ఆవిడ.

"వానకి కొట్టుకుపోయిందనుకుంటారు. వాళ్లకేం తెలుస్తుంది?"

రైతులంటే ఆవిడకు ముందు చెల్లెలే. చెల్లెలిది క్యాబేజీ తోట. రెండేళ్ల కిందట మరిది పురుగుమందు కొడుతూ కొడుతూ మడిలోనే పడిపోయాడు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంటే ప్రాణం దక్కింది. ఇంకోసారి ఆ మందు పీలిస్తే తనేమీ చేయలేనని డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పటి నుంచి వాళ్లు అక్క మాట మీద ఎంజైమే వాడుతున్నారు. ఆకులకు చిల్లులు పడుతున్నాయని చెల్లెలు నిన్ననే ఫోన్ చేసింది. ఈ నీళ్లు చల్లి, పంట పోతుంటే, మరిది చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు.

మర్నాడు తనిఖీ అధికారి ల్యాబులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ సీసా పట్రామ్మా అన్నాడు మేనేజరు నవ్వుతూ.

మేనేజరు గది నుంచి ల్యాబుకు నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో ల్యాబమ్మ పదకొండేళ్లుగా చేయని పని చేసింది. సీసాను రెండు చేతులా పట్టుకుని కడుపారా కోపం తెచ్చుకుంది. మిషను మీద, రేకుల షెడ్డు మీద, ఆ నవ్వు మీద, అన్నిటికన్నా ఇన్నాళ్లూ నోరు మూసుకున్న తన మీద. సీసా మీది కాగితం జిగురు కరిగి ఊడిపోయింది. ఆవిడ దాన్ని మళ్లీ అంటించి తెచ్చి ఇచ్చింది.

సాయంత్రానికి పళ్లెం వేసింది వేసినట్టే తెల్లగా ఉంది.

మేనేజరు మొహం మాడిపోయింది. "ఇది ఈవిడ పనే సార్. కోపం వస్తే ఈవిడ చేతులు కాలతాయి. కావాలంటే అడగండి."

"మా మేనత్తకూ అంతే," అన్నాడు అధికారి. ఆవిడ వైపు తిరిగి, "నువ్వేనా అమ్మా?"

"నేనే. కోపం వచ్చింది."

"సరే. అయితే డ్రమ్ముల్లోంచే తీద్దాం. ఈవిడ గేటు బయట నిలబడుతుంది. ఒక్క డ్రమ్మూ ముట్టుకోదు."

ఆరు డ్రమ్ముల్లోంచి తీశారు. మర్నాటికి ఆరు పళ్లేలూ తెల్లగానే ఉన్నాయి. లారీ కోసం ఉంచిన డ్రమ్ములన్నీ పారబోశారు.

నమూనా పాడుచేసినందుకు ల్యాబమ్మను పది రోజులు సస్పెండు చేశారు. మేనేజరును ఇంకో ఫ్యాక్టరీకి బదిలీ చేశారు, అదీ జీతం పెంచి. ఆ ఉత్తర్వు కాగితం ఆవిడ చేత్తో పట్టుకుని చదువుతుంటే అంచులు నల్లబడ్డాయి. కొత్త బ్యాచు రావడానికీ పది రోజులు పడుతుంది. ఆవిడ బట్టలు సర్దుకుని చెల్లెలి ఊరికి బస్సెక్కింది.

వెళ్లేసరికి మరిది స్ప్రేయరు భుజానికి తగిలించుకుని ఉన్నాడు. పాత మందు డబ్బా మూత తీసి గట్టు మీద పెట్టాడు. ఆవిడ మూత బిగించింది. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, మొదటి వరసలో గొంతుక్కూర్చుని, ఆకు మడత విప్పి పచ్చ పురుగును తీసి అరచేతిలో వేసుకుంది. నలపక్కర్లేకుండానే అది ముడుచుకుని రాలిపోయింది. ఇంకోటి తీసింది. ఆ వరస సగం అయ్యేసరికి మరిది స్ప్రేయరు దించి, పక్క వరసలో తనూ ఏరడం మొదలుపెట్టాడు.

మూడోనాడు చెల్లెలు నీళ్లు తెచ్చి, చెంబు అక్క చేతికివ్వకుండా తనే పట్టుకుని తాగించింది.

"ఇంకా తగ్గలేదా అక్కా, కోపం?"

ఆవిడ మూతి తుడుచుకుని మిగిలిన మడులకేసి చూసింది.

"ఇంకా నాలుగు మడులున్నాయి," అంది. "అవి అయ్యేదాకా తగ్గనివ్వను."