గోడ మీది చేతులు

రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టంగనే మట్టెపల్లి ఆడోళ్లు గడ్డి కలిపి తొక్కిన ఎర్రమన్ను తట్టలకెత్తుకొని కోటకు పోతరు. ఆ కోటకు రాయి లేదు, అంతా మట్టిగోడే. వానలకు ముందు ఎవరి వంతు గోడ వాళ్లు అలకాలె. ఊర్లె పుట్టిన ఆడపిల్లయినా, కొత్తగా వచ్చిన కోడలయినా మొదటి యేడు పచ్చి మన్నుమీద కుడిచెయ్యి అచ్చు వేస్తది. తర్వాత యేటా ఆ అచ్చును తప్పించి అలుకుతరు. అచ్చు మనిషితోపాటే పెరుగుతది. తల్లి చంకలుండి నాట్లేసే కూలి లస్మవ్వ వేసిన చిన్న అచ్చుకు ఇప్పుడు కొడవలికి తెగిన గీత కూడ ఉన్నది.

"దేవవ్వా, గోడమీద నీ చెయ్యి పగుళ్లు వట్టింది. జర నూనె రాసుకోరాదే," అని అత్తలు కోడండ్లను మందలిస్తుంటరు.

కోటను ఎవరో రాజు కట్టించిండట. ఆయన పేరు ఊరు మరిచింది. తర్వాత దొరలు రైతుల కాడ గుంజిన లెవీ వడ్లు అండ్ల దాచిన్రు. పోలీసు యాక్షనయినంక దొర పట్నం పోయిండు, కోట సర్కారుదయింది. పంతొమ్మిది వందల అరవై నాలుగుల దాన్ని మ్యూజియం చేసెతందుకు దేవదాస్ అనే ఆఫీసరు వచ్చిండు. కత్తులు, ఫిరంగులు వరుసగ పెట్టించిండు. ప్రారంభోత్సవానికి గోడ నున్నగ ఉండాలని సిమెంటు పూయించిండు. అచ్చులను తప్పించాలని ఆయనకు ఎవరూ చెప్పలే. ఆయన అడగలే.

తెల్లారేసరికి లస్మవ్వ కుడిచెయ్యి బిగుసుకపోయింది. గోడమీద అచ్చున్న ఆడోళ్లందరిదీ అదే కథ. పొలాలల్ల నారు ముదురుతున్నది. నాటెయ్యలేని చేతిని కూలికి పిలిచేదెవరు?

కరీంనగర్ కాలేజీల చదువుతున్న లస్మవ్వ బిడ్డ బాలలక్ష్మి తల్లిని తోలుకపోయి ఆఫీసరు ముందట నిలబెట్టింది.

"ముట్టి చూడుండ్రి సార్. గిది మా అవ్వ చెయ్యా, మీ సిమెంటా?"

దేవదాస్ ముట్టి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నడు. "అయ్యో! కానీ అమ్మాయ్, ఎల్లుండే ప్రారంభం. సిమెంటు కొట్టేస్తే పైవాళ్లకు ఏం చెప్పను? ఇది రాజుల కోట. కూలోళ్ల చేతులు చూడడానికి ఎవరొస్తారు?"

"రాజు కట్టించి పోయిండు. మట్టిగోడ ఇన్ని వానలకు ఉత్తగనే నిలబడ్డదా? నిలబెట్టింది ఎవలు, మీ కత్తులా?"

"అది పని. చరిత్ర వేరు."

"మా పని ఆగిన యేడు మీ చరిత్ర బురదయితది సార్!"

లస్మవ్వ ఎడమచేత్తో బిడ్డ కొంగు గుంజింది. "నిమ్మళంగ మాట్లాడవే. పెద్దసారు."

"నువ్వూకో అవ్వా. మన చేతులు పోయినయి గని నా నోరు పోలే."

దేవదాస్ గోడ దిక్కు చూసిండు. గొడుగు చంకల పెట్టుకున్నడు. "నేను మంథని పోతున్నాను. సాయంత్రం బస్సుకు గానీ రాను. నేను లేనప్పుడు ఇక్కడ ఏం జరిగినా నాకు తెలియదు." గేటు దాకా పోయి వెనక్కి తిరిగిండు. "గడ్డపారలు పెద్ద ఫిరంగి వెనక ఉన్నాయి."

ఆడోళ్లు ఎడమచేతులతోటే సిమెంటు కొట్టిన్రు. ఒక్కో అచ్చు బయటపడుతుంటే ఒక్కో మనిషి వేళ్లు విచ్చుకున్నయి. లస్మవ్వ చెయ్యి ముడిచి చూసింది, తెరిచి చూసింది, బిడ్డ వీపుమీద ఒక్కటి చరిచింది.

"పెద్దసారుతోటి గట్లనేనా మాట్లాడేది?"

ప్రారంభం నాడు పట్నం నుంచి వచ్చిన పెద్దలు కత్తులు దాటి గోడ దగ్గర ఆగిన్రు. చూపించే పని దేవదాస్ బాలలక్ష్మికే అప్పజెప్పిండు. ఒక అచ్చు వేళ్ల నుంచి నల్లటి నీళ్లు జారుతున్నయి.

"ఇదేంటమ్మా, ఇంత తడిగా ఉంది?"

బాలలక్ష్మి తలెత్తి చెప్పింది: "అది మా అవ్వ చెయ్యి. ఇప్పుడే పొలంల దిగింది. నాటేస్తున్నది."