గుర్తు కనబడిన రోజు

ప్రాణాలిచ్చిన ఎలుకలకి ఏడాదికోసారి, ఎండలు తగ్గాక, జపాన్‌లో సెండాయ్ ఊరి ప్రయోగశాల ఒకదాని వెనక ఉన్న రాతి ముందు పూలు పెడతారు. ఆ ఏడు ఎవరి చేతిలో ఎక్కువ పోయాయో వాళ్ళే కృతజ్ఞతలు చదవాలి. ఈసారి వంతు ఒరికసా చిజురుది. తల్లులూ కడుపులో పిల్లలూ కలిపి నాలుగు వందల పన్నెండు. చంపిన మనిషితోనే మంచిమాటలు చెప్పించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, గట్టి బుర్రే.

పోతే పోయాయి, ఫలితం దక్కిందని చిజురు సరిపెట్టుకుంది. కణాన్ని రెండుగా చీలమని ఆజ్ఞాపించే కైనేజ్ అనే ఎంజైము ఒకటుంది. కడుపులో ఉన్న ఎలుకపిల్ల మెదడు వెనకభాగంలో దాని జన్యువు పద్నాలుగో రోజుకి అణిగిపోతుందని అందరూ రాశారు. చిజురు కోసి, ఆ జన్యువు జాడ చూపే రంగు వేసిన ముక్కల్లో మాత్రం ఆ రోజు కూడా ముదురు నీలంగా తేలింది. వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారు. మార్చితో తీరిపోయే ఉద్యోగం దాని పుణ్యమా అని ఖాయమవుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఎలుకల గది చూసుకునే నగుమో తొయొకోని పూజకి పిలవడానికి వెళ్ళింది. రెండేళ్ళ కిందట వేరే ఊరి సంస్థ నుంచి వచ్చిన పెద్దావిడ.

"ఏంటమ్మా, ఇవాళైనా జుట్టు దువ్వావు! పెళ్ళిచూపులా?"

చిజురు నవ్వుతూ పంజరం మీద చీటీ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"జతకట్టిన గుర్తు కనబడింది పన్నెండున. ఇవాళ ఇరవై ఐదు. పద్నాలుగో రోజని రాశారేం?"

"చూసిన రోజు ఒకటి. వేళ్ళు మడిచి చూసుకో, లెక్కలు రావా?"

"ఇక్కడ చూసిన రోజు సున్నా, నగుమో గారూ."

"మా పాత చోట ఒకటే. నన్నెవరూ అడగలేదే!"

చిజురు పరుగున వెళ్ళి, నిన్న కోశాక మిగిలిన ఎలుకపిల్లల మొండేలు పారేసిన సంచి విప్పింది. రెండేళ్ళుగా తలలు కోసుకుని మిగతాది చూడకుండా పారేసింది. ఇప్పుడు చూసింది. పద్నాలుగో రోజుకి విడిపోవాల్సిన కాళ్ళ వేళ్ళు ఇంకా పొరతో అంటుకునే ఉన్నాయి. అన్నీ ఒక రోజు చిన్నవి; పదమూడో రోజుకి ఆ జన్యువు ఇంకా అణగదని అందరికీ తెలిసిందే. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ప్రయోగశాల పెద్ద, ప్రొఫెసర్ కురమొచి అంతా విని టై సర్దుకున్నాడు.

"ఇవాళ చదివేసెయ్. వ్యాసం సంగతి ఏప్రిల్ తర్వాత చూద్దాం."

"అప్పుడు చెప్పడానికి నాకు నోరొస్తుందా, సార్?"

"ఉద్యోగమైతే ఉంటుంది కదా."

రాతి ముందు ముప్పై మంది తలలు వంచి నిలబడ్డారు. చిజురు కాగితం చదువుతూ 'మీ ప్రాణాలు వృథా పోలేదు' అన్న వాక్యం దగ్గర ఆగింది.

"వృథా పోయాయి," అంది. "ఒక రోజు లెక్క తప్పాను. నా వ్యాసం తప్పు. క్షమించండి."

ఎవరూ తల ఎత్తలేదు. కురమొచి మాత్రం పక్కకొచ్చి, "సరే, మార్చి దాకా ఉండు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక నగుమో ఏడుస్తూ దగ్గరికొచ్చింది.

"నా వల్లే కదమ్మా. ఇప్పుడేం చేస్తావు?"

"మార్చిలోగా మళ్ళీ చేస్తాను. సరైన రోజుకి."

"ఎన్ని కావాలి?"

చిజురు ఆ రాతినే చూస్తూ నిలబడింది.

"మళ్ళీ అన్నే కావాలి," అంది.

నగుమో కళ్ళు తుడుచుకుని, మగ ఎలుకల్ని ఆడవాటి పంజరాల్లోకి వదలడానికి వెళ్ళింది.