ఎగుమతిదారు పేరు

మంగళవారం ఉదయం ఆరు నలభైకి మొయాలే సరిహద్దు గేటు దగ్గర, నా భర్త జత్తాని తెచ్చిన పన్నెండు డబ్బాల పెరుగును కెన్యా వైపు తనిఖీ అధికారి తిప్పి పంపాడు. మొదటి డబ్బా మూత తియ్యగానే నురగ పొంగి అతని బూట్ల మీద పడింది.

అది మా ఇంటికి వచ్చిన మొదటి పెద్ద బేరం. మా బొరానా తెగవాళ్ళ పెరుగు వారం వారం కొంటానని నైరోబీ వ్యాపారి ముకామి కాగితం పంపింది. అప్పటిదాకా పద్నాలుగేళ్ళుగా ఈ గేటు దాటి పెరుగు అమ్మింది నేను. కాగితం వచ్చిన రోజు జత్తాని దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. "చిల్లర అమ్మకం ఆడవాళ్ళది. కాగితం ఉన్న బేరం మగాళ్ళది," అన్నాడు. "ఆఫీసుల్లో మాట్లాడటం నీ వల్ల ఎక్కడవుతుందే దర్మీ?" అంది అత్తగారు.

మేం పెరుగు తోడేసేది గోర్ఫా అనే అల్లిక పాత్రలో. చెట్ల వేళ్ళ నారతో చుక్క కారకుండా ఒకటి అల్లడానికి నెల పడుతుంది. దానికి పొగ పట్టించాలి. పాలు పోసి, తోడుకున్నాక తేట తీసి, మళ్ళీ పాలు పోయాలి. వారం అలా చేస్తే గట్టిపడుతుంది. వంటకీ నీళ్ళ మోతకీ దూడలకీ మధ్య చేస్తాను కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని పని అనుకోలేదు. కొన్నాళ్ళు నేనూ అనుకోలేదు. "పాలు వాటంతట అవే తోడుకుంటాయి. నువ్వు చేసేదేముంది?" అని జత్తాని నూనె డబ్బాల్లో పాలు పోసి, తోడేసి, మూతలు బిగించాడు.

ఆ ఉదయం నేను ఎప్పటిలాగే సంతకు రెండు గోర్ఫాలతో వెనక వరుసలో ఉన్నాను. సరుకు తీసుకెళ్ళడానికి తెచ్చిన లారీ దిగి ముకామి వచ్చింది.

"తేట ఎన్నిసార్లు తీశావయ్యా?"

జత్తాని నా వైపు చూశాడు. నేను నా గోర్ఫాల మూతలు సర్దుకున్నాను.

"మూడుసార్లు," అన్నాడు.

"నాలుగోది నా బూట్ల మీద తీశాడు," అన్నాడు అధికారి.

ముకామి నా గోర్ఫాలోంచి ఒక గరిటె తీసి బోర్లించింది. పెరుగు జారలేదు.

"ఇదెవరిది?"

"మా ఆవిడదే. అంటే మాదే," అన్నాడు జత్తాని.

"నాది," అన్నాను.

"వారానికి ముప్పై ఇవ్వగలవా అమ్మా?"

"పదకొండు గోర్ఫాలే ఉన్నాయి. మిగతావి అల్లడానికి పక్కిళ్ళ ఆడవాళ్ళని పెట్టుకుంటాను. పెరుగుకి వేరు, అల్లికకి వేరు ఇవ్వాలి. కాగితం నా పేరు మీద ఉండాలి."

"అల్లికకి డబ్బేంటే? ఊరికే కూర్చున్నప్పుడు అల్లేదేగా!" అన్నాడు జత్తాని.

"అయితే నువ్వూ ఊరికే కూర్చుని ఒకటి అల్లు బాబూ. దానికీ ఇస్తాను," అంది ముకామి. వరుసలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె లారీలోంచి కొత్త ఫారం తెచ్చి నా చేతికి ఇచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఒక మంగళవారం, ఉదయం ఎనిమిది పదికి ముప్పై గోర్ఫాలు గేటు దాటాయి. ఫారంలో ఎగుమతిదారు: దర్మి గల్గలో. సరుకు మోసినవారు: జత్తాని.