అత్తగారు తిని చూసిన బ్లెండర్లు

అత్తగారికి దవడ ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైంది. మూడు నెలలు ఏదీ నమలకూడదన్నాడు డాక్టరు. ఇంట్లో ఉన్న పాత మిక్సీని ఎంతసేపు తిప్పినా బీన్సు పీచు అలాగే మిగిలిపోయేది. పూటపూటా దాన్ని జల్లెడలో వేసి గరిటెతో రుద్దలేక కోడలి చెయ్యి పడిపోయేది. ఆమె దర్జీ. పగలంతా కత్తెర పట్టాల్సిన చెయ్యి అది.

మంచి బ్లెండరు కొనే పని భర్త నెత్తిన వేసుకున్నాడు. భూములు కొలిచే ఉద్యోగం ఆయనది. మూడుసార్లు కొలవనిదే దేన్నీ నమ్మడు. రెండు వారాలుగా వీడియోలు చూస్తూ కాగితాల మీద గళ్లు గీస్తున్నాడు.

"పద్నాలుగు వందల వాట్లది బాగుంది. కానీ చప్పుడెక్కువట. నాలుగు రోజులాగితే కొత్త మోడల్ వస్తుంది" అన్నాడు ఆ ఉదయం.

"మీ అమ్మ ఆగుతుందా నాలుగు రోజులు తినకుండా?" కోడలు జల్లెడను సింకులోకి విసిరికొట్టింది. "మీ గళ్లు మీరు గీసుకోండి. నేను పోతున్నా."

"నేనూ వస్తానే. తినేది నేను కదా" అంది అత్తగారు, పెదవులు మాత్రమే కదుపుతూ.

ఉడికించిన బీన్సు డబ్బాలో పెట్టుకుని ఇద్దరూ షాపుకి వెళ్లారు.

"ఇక్కడ వంటలు చెయ్యకూడదమ్మా" అన్నాడు షాపతను.

"తిప్పి చూపిస్తే కొంటాం. లేదంటే పక్క షాపుంది" అంది కోడలు.

అతను మొహం మాడ్చుకుని మొదటిది తిప్పాడు. అత్తగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నాలుక మీంచి పీచు తీసి అతని బిల్లు పుస్తకం మీద పెట్టింది. రెండోది వెన్నలా చేసింది గానీ, జారు ఆమెకి లేవలేదు.

"నువ్వు కుట్టుపనికి పోతే నేనే తిప్పుకోవాలిగా. ఇది వద్దు."

మూడోదాని జారు ఒంటిచేత్తో ఎత్తింది. వరసగా నాలుగు చెంచాలు మింగింది. "ఉప్పు తక్కువైంది" అంది.

కోడలు డబ్బు కట్టేసింది.

ఇంట్లో భర్త పెట్టె చూసి నీరుగారిపోయాడు. "ఇది నా లిస్టులోనే లేదే! బ్లేడు ఎన్ని—"

"ముందు ఇవి తరగండి" అని ఆమె బీన్సు ఆయన ముందు కుమ్మరించింది.

ఆయన కత్తి అందుకున్నాడు. అన్నీ సమానంగా ఉండేలా ఒక్కో ముక్కా చూసి చూసి తరిగాడు. అత్తగారు తన కూర తనే తిప్పుకుంది. చాలా రోజుల తర్వాత కోడలు కూర్చుని వేడివేడిగా తిన్నది.