ఆరు తిత్తులూ ఒక ఊచా

మలయాలో బాగన్ దాతుక్ దాపున, మెకల్లమ్ దొర కొబ్బరితోటలో ఒక బ్యాగ్‌పైప్ బ్యాండు ఉండేదంటే ఇవాళ ఎవరూ నమ్మరు. ఉండేది మరి. దాని చరిత్ర చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. మొదటి ఏడాది తోటల పోటీకి మూడు బ్యాండ్లు వచ్చాయి, మనవాళ్ళు మూడో స్థానం. మరుసటి ఏడాది రెండు వచ్చాయి, మనవాళ్ళు రెండో స్థానం. ఆ పై ఏడాది అడవిలో కమ్యూనిస్టుల గొడవ ముదిరి ఇంకెవరూ రాలేదు, మనదొక్కటే వెళ్ళింది. పెద్దమనుషులు అరగంట గుసగుసలాడుకుని, మొదటి బహుమతికి ఎవరూ తగరని తేల్చి, రెండోది చేతిలో పెట్టి పంపారు.

స్కాట్లండు నుంచి వచ్చిన దొరకి ఇది తలకొట్టేసినంత పని. అంతకన్నా ఎక్కువ బాధపడ్డవాడు పెద్ద కెరాణి, అంటే పెద్ద గుమాస్తా, కాంతయ్య. ఆఫీసులో దొరల తరవాత అతనే. బ్యాండులోనూ అందరికన్నా ముందు వెండిపొన్ను కర్ర తిప్పుకుంటూ నడిచేది అతనే. ఊదేవాళ్ళతో పాటు తనూ మోకాళ్ళదాకా గళ్ళగుడ్డ చుట్టుకునేవాడు. భార్య రత్నావతి చూసి, "నా లంగా కట్టుకెల్లినా ఇంతకన్నా మర్యాదగా ఉంటాది" అనేది.

ఓడినప్పుడల్లా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాంతయ్య బ్యాగ్‌పైపుల తోలు తిత్తుల్ని తిట్టేవాడు. తోలు ఎండిపోయి గాలి కారుతోందట. నిజానికి తిత్తికేం దోషం లేదు. పెద్ద పైపరు అప్పలసామి వాళ్ళ తాత విజయనగరం వైపు వీధిభాగోతాలకి తిత్తి ఊదినవాడు, విద్య ఒంట్లోనే ఉంది. లేనిదల్లా కడుపులో అన్నం. కమ్యూనిస్టులకి తిండి అందకూడదని సర్కారు చట్టం చేసింది. తోట కంచె దాటి ఒక్క మెతుకు పోకూడదు. కొబ్బరి ఎండబెట్టే కొట్టం కంచె బయటే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు పొద్దున వెళితే సాయంత్రందాకా పస్తు. ఆ కడుపుతోనే వచ్చి ఊదాలి. ఊపిరి ఎక్కడనుంచి వస్తుంది, నా మొహం?

చట్టాన్ని తెలుగులోనూ అరవంలోనూ పలక మీద రాసి గేటుకి తగిలించింది కాంతయ్యే. "తినుబండారము ఏదియు గేటు దాటరాదు. మూతి విప్పి చూపని ప్రతి వస్తువునకు చిల్లు పొడవవలెను." కింద తాటికాయంత అక్షరాలతో అతని సంతకం.

పందొమ్మిది వందల యాభై ఏడు వచ్చింది. ఆగస్టు ఆఖర్న మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం. తెల్లదొరలు సర్దుకుంటున్నారనీ, వాళ్ళ కుర్చీలు ఇక్కడివాళ్ళకే దక్కుతాయనీ ఒకటే పుకారు. దొర కాంతయ్యని పిలిచి, "మెర్దేకా పోటీలో కప్పు తీసుకురా. వెళ్ళేముందు చిన్నమేనేజరు పనికి నీ పేరు రాసి పోతాను" అన్నాడు. ఆ రోజు నుంచి కాంతయ్య కాలు నేల మీద నిలవలేదు. చిన్నమేనేజరు బంగళా ముందునుంచి పోయినప్పుడల్లా వరండాలో పేము కుర్చీ కేసి చూసి, అది తన నడుముకి సరిపోతుందా లేదా అని మనసులోనే కూర్చుని లేచేవాడు.

పోటీకి పదిహేను రోజుల ముందు ఒక సంగతి జరిగింది. అప్పలసామి తల్లి ఎర్రమ్మ చిన్న ముంతలో గంజి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది, కొట్టంలో ఉన్న కొడుక్కి ఇద్దామని. కాపలా జవాను సెల్లప్పన్ ఎటో చూస్తూ నిలబడ్డాడు. అంతలో కాంతయ్య సైకిలు దిగాడు.

"ముంతలో ఏటే?"

"గెంజి బాబూ. ఆడికి రేతిరినుంచి జొరం."

"పలక కనపడతా లేదా?"

"నాకు సదువెక్కడిది బాబూ. ఆడికొద్దంటే నానే తాగేస్తాను."

కాంతయ్య ముంత లాక్కుని గంజి నేల మీద పోశాడు. ముసలిది ఆ తడి కేసి చూసి, ఖాళీ ముంత తీసుకుని వెళ్ళిపోయింది. ఛీ, ఆ చేతులకి ఏమి రోగమో! సెల్లప్పన్‌కి ఆఫీసులో అందరిముందూ చీవాట్లు పడ్డాయి. ఇంకోసారి కన్ను మూస్తే ఉద్యోగం ఊడుతుందన్నారు. దొర మాత్రం కాంతయ్య భుజం తట్టాడు. ఆ భుజాన్ని కాంతయ్య రెండ్రోజులు సరిగా తోముకోలేదు.

పోటీ రోజు తెల్లవారింది. దొర ముందే పోటీ జరిగే తెలుక్ ఆన్సన్ పట్నానికి వెళ్ళిపోయాడు. ఈసారి గాలి కారకూడదని కాంతయ్య దగ్గరుండి ఆరు తిత్తుల్లోనూ బెల్లంపాకం పోయించి, బాగా పిసికించి, మూతులు దారంతో బిగించి కట్టించాడు. పాకం పడితే తోలు మెత్తబడి ఊపిరి పట్టి ఉంచుతుంది, అది దొర దేశపు పద్ధతే. లారీ గేటు దగ్గర ఆగింది. సెల్లప్పన్ వచ్చి తిత్తి వాసన చూశాడు. వేలికంటిన జిగురు నాలిక మీద వేసుకున్నాడు.

"బెల్లమే గదా, కెరాణిగారూ."

"అది తినడానికి కాదురా. తోలుకి."

"తోలుకో నోటికో నాకేటి తెలుసు. మూతి ఇప్పి సూపించండి."

"విప్పితే మళ్ళీ కట్టడానికి పూట పడతాది. తొమ్మిదింటికి పోటీ."

సెల్లప్పన్ నవ్వలేదు, గొంతు పెంచలేదు. గేటు పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. "ఇక్కడ రాసి సంతకం ఎట్టండి. బెల్లం ఉన్న ఆరు తిత్తులు నా పూచీ మీద బయటికి పంపినాను, అని. ఇప్పుడే గేటు తీసేస్తాను."

కాంతయ్య జేబులోంచి కలం తీశాడు. పెళ్ళి శుభలేఖ మీద కూడా సంతకం పెట్టే మనిషి, ఆ కలాన్ని కాగితం మీదికి దించలేకపోయాడు. అడవికి తిండి పంపాడని ఎవడైనా ఒక్క మాట అంటే సంతకమే సాక్ష్యం. పక్క తోట కెరాణి అలాగే జైలుకి వెళ్ళి రెండేళ్ళయినా తిరిగి రాలేదు. అప్పుడతనికి భుజం గుర్తొచ్చింది. గంజి పారబోస్తే మెచ్చుకున్న దొర, చట్టం కోసం సొంత బ్యాండునే బలిపెడితే ఇంకెంత మెచ్చుకుంటాడు!

"ఊచ ఇలా తే" అన్నాడు.

బియ్యం బస్తాలు పొడిచే ఇనప ఊచ అది. ఒక్కొక్క తిత్తినీ తన చేత్తోనే పొడిచాడు. లారీలోంచి అప్పలసామి చూస్తూ, "తిత్తి సచ్చిపోనాది" అని మాత్రం అన్నాడు.

తెలుక్ ఆన్సన్ మైదానంలో మనవాళ్ళు దర్జాగా నడిచారు. డోళ్ళు మోగాయి. తిత్తులు బుస్సుమన్నాయి. పైపర్లు బుగ్గలు పగిలేలా ఊదుతుంటే అంత గాలీ చంక కింది చిల్లులోంచి పోయింది, గళ్ళగుడ్డల మీద పాకం కారింది, ఈగలు వెంటపడ్డాయి. ముందు కాంతయ్య కర్ర తిప్పుతూనే ఉన్నాడు. బ్యాండు ఇంత శ్రావ్యంగా ఎన్నడూ లేదని జనంలో ఎవరో అన్నారు. కప్పు బడిపిల్లల బ్యాండుకి పోయింది.

దొర అడగకముందే కాంతయ్య పరుగెత్తాడు. "తమ చట్టం ప్రకారం నేనే, నా చేత్తోనే పొడిచాను దొరా" అని భుజం కాస్త ముందుకి వంచి నిలబడ్డాడు. దొర ఆ భుజం తట్టలేదు. ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేను.

మెర్దేకా వచ్చింది. జెండా మారింది. మెకల్లమ్ దొర పోయాడు, ఇంకో స్కాట్లండు దొర దిగాడు. పేము కుర్చీలో కూర్చున్నది కాంతయ్య కాదని చెప్పక్కర్లేదు కదా. పాతదొర పోతూపోతూ పేరయితే రాసే పోయాడు. కాంతయ్యని కంచె బయటి కొబ్బరి కొట్టంలో లెక్కలు రాయడానికి వేశారు. అడవిలో గొడవ ఇంకా చల్లారలేదు, గేటుకి పలకా పోలేదు.

మొదటి రోజు రత్నావతి క్యారేజీ కట్టి ఇచ్చింది. గేటు దగ్గర సెల్లప్పన్ దారికి అడ్డంగా నిలబడి పలక కేసి చూశాడు. కాంతయ్యా చూశాడు. సాయంత్రందాకా ఇంటికి తిరిగిరావడం కుదరదు. వెనక కూలీల వరస. ఆ వరసలో ఎర్రమ్మ ఉంది.

ఇప్పుడు నవ్వుతుందని కాంతయ్య తల దించుకున్నాడు. ఆవిడ దగ్గరికి వచ్చి, చేతిలోంచి క్యారేజీ తీసుకుని, మూత విప్పి అతని చేతికే ఇచ్చింది.

"ఇక్కడే తినేసి ఎల్లు బాబూ. కడుపులోదానికి ఎవులూ సిల్లు పొడవరు."

కాంతయ్య గేటు పక్కన నిలబడి, తన సంతకానికి ఎదురుగా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.