ఎక్స్ అంటే ఏడు కాదు

శిక్షణ సారూ, లాండ్రీ మేనేజరూ, కాపీ కొట్టింది పరీక్ష రాసిన ఆ పద్నాలుగు మంది పనివాళ్ళు కాదు, మీరు. పోయినేడాది పరీక్ష ప్రశ్నను ఉన్నదున్నట్టు బోర్డు మీదికి దించి, దానికి పాఠం అని పేరు పెట్టింది మీరు. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

ఆస్పత్రి లాండ్రీలో మురికి దుప్పట్లు ముందు ఏరే బల్ల మీదికి వస్తాయి. రక్తం అంటినవి ఒక పక్కకి, మామూలివి ఒక పక్కకి. మడతల్లో సూదులుంటాయి. ఆ బల్ల దగ్గర పదకొండేళ్ళుగా నిలబడ్డ మనిషిని అందరూ తూకమ్మ అంటారు. ఏరిన బట్టల్ని మూటలు కట్టి కాటా మీద తూచేది కూడా ఆమే, అందుకని ఆ పేరు. ఆమెకు రెండుసార్లు సూది గుచ్చుకుంది. గుచ్చుకున్న ప్రతిసారీ నెలల తరబడి రక్తపరీక్షలు, అన్నాళ్ళూ భయం. ఈ ఏడాది కొత్త ఉతికే యంత్రాలు వచ్చాయి. వాటి దగ్గరికి మారితే సూదుల పీడ వదులుతుంది. మారాలంటే పరీక్ష పాసవ్వాలి. ఆమెకు కావలసింది అంతే.

తూచడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే బరువున్న మూటలు మూడు బండి మీద పెట్టి, బండితో సహా కాటా ఎక్కిస్తారు. బండి బరువు పన్నెండు కిలోలు. దాని పక్కనే ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు కాటా చూపించిన అంకెను తిన్నగా మూడుతో భాగించేస్తారు.

"ముందు బండిని తీసెయ్యవే," అంటుంది తూకమ్మ. "ఇనుముని కూడా ఉతుకుతావా ఏంటి?"

బండి బరువు పోయాకే మూటల మధ్య పంచాలి. రోజుకు నలభైసార్లు ఆమె చేసే పని ఇది.

నాలుగు వారాలు పాఠాలుంటాయని నోటీసు పెట్టారు. సారు వచ్చింది ఒక్కరోజు, అదీ భోజనాల వేళ, అరగంట. బోర్డు మీద 3ఎక్స్ + 12 = 33 అని రాశాడు. కింద ఎక్స్ = 7 అని రాసి చుట్టూ గీత గీశాడు.

తూకమ్మ తమ్ముడి భార్య కూడా అక్కడే, ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేస్తుంది. ఆమె చెయ్యెత్తింది.

"సార్, ఎక్స్ అంటే ఏంటండీ?"

"ఏడు," అన్నాడు సారు, సెల్లు చూసుకుంటూ. "పరీక్షలో ఏటా ఇదే అడుగుతారు. గుర్తుపెట్టుకోండి, చాలు."

నమ్మారు. ఎందుకు నమ్మరు? లాండ్రీలోని పాత యంత్రాల మీద ఉన్నవన్నీ అక్షరాలే. 'ఎ' నొక్కితే వేడినీళ్ళు, 'సి' నొక్కితే చన్నీళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా 'ఎ' నొక్కితే చన్నీళ్ళు రాలేదు. ఒక అక్షరానికి ఒకటే అర్థం అని వాళ్ళకు పనే నేర్పింది. ఎక్స్ కూడా అలాంటి మీటే అనుకున్నారు.

వారమంతా అదే వేళాకోళం.

"వదినా, మీ తమ్ముడి వయసెంతని ఎవరైనా అడిగితే ఇకమీదట ఎక్స్ అని చెప్తా. బుద్ధి చూస్తే ఏడు దాటినట్టు లేదు."

"ఏడేళ్ళవాణ్ణి ఏరికోరి చేసుకున్నదానివి, నీ బుద్ధికెన్నేళ్ళే మరి?"

పరీక్షలో వచ్చిన లెక్క 3ఎక్స్ + 12 = 39. ముప్పై మూడు కాస్తా ముప్పై తొమ్మిది అయిందని పదముగ్గురు చూడనే లేదు. ఎక్స్ కనపడింది, ఏడు వేశారు. తూకమ్మ చూసింది. పన్నెండు కనపడగానే ఆమెకు బండి గుర్తొచ్చింది. కాగితం వెనక మూడు మూటలు గీసింది. వాటి కింద చక్రాలతో సహా బండి గీసింది. ముప్పై తొమ్మిదిలో బండి పోతే ఇరవై ఏడు. మూడు మూటలకు పంచితే తొమ్మిది. ఆ తొమ్మిదిని కాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని కొట్టేసి, కాగితం తిప్పి, ఏడు వేసింది.

పద్నాలుగు కాగితాల్లోనూ ఏడే. మర్నాడు పొద్దున్నే గోడ మీద నోటీసు: అందరూ కాపీ కొట్టారు, పరీక్ష రద్దు, యంత్రాలకు బయటివాళ్ళను తీసుకుంటాం.

ఒక్కొక్కరినీ మేనేజరు గాజు గదిలోకి పిలిచారు. పక్కన యంత్రాల అదురుకి బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు వణుకుతోంది. మేనేజరు తూకమ్మ కాగితాన్ని తిప్పి చూపించాడు.

"ఈ బండి బొమ్మ ఎవరు వేశారమ్మా?"

"నేనేనండీ."

"తొమ్మిదే కరెక్టు. ఎందుకు కొట్టేశావు?"

"ఎక్స్ ఏడని సారు చెప్పారు కదండీ. తొమ్మిదొచ్చేసరికి, నా లెక్కే తప్పనుకున్నాను."

"కాటా మీద తొమ్మిదొస్తే ఏడని రాస్తావా?"

"కాటా మీదైతే రాయనండీ. అది నా పని. ఇది చదువు కదండీ."

మేనేజరు కాగితాన్ని మళ్ళీ ఏడున్న వైపుకి తిప్పాడు.

"సరే, నువ్వు కాపీ కొట్టలేదనే అనుకుందాం. కానీ వెనక పేజీకి మార్కులుండవు. కొట్టేసినదానికి అసలే ఉండవు."

తూకమ్మ లేచి వెళ్ళి చేతి తొడుగులు వేసుకుని ఏరే బల్ల దగ్గర నిలబడింది. మరదలు ఏమైందని అడిగింది. "తొమ్మిదేనంట," అని చెప్పి దుప్పటి మడత విప్పింది. లోపల సూది ఉంది. దాన్ని పటకారుతో తీసి డబ్బాలో వేసింది.

రోజుకు నలభైసార్లు సరిగ్గా చేసే లెక్కను ఆమె చేతనే కొట్టేయించారు మీరు. కాపీ అనే మాట దానికి సరిపోదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ పూటే ఆ నోటీసు చింపండి. బయటివాళ్ళను తీసుకునే మాట ఆపండి. బాకీపడ్డ పాఠాలన్నీ పనివేళల్లోనే చెప్పండి. ఎక్స్ అంటే ఇంకా తూచని మూట అనీ, దాని బరువు ప్రతిసారీ కొత్తగా కనుక్కోవాలనీ మొదటి నిమిషంలోనే చెప్పండి. ఆ తర్వాత కొత్త అంకెలతో మళ్ళీ పరీక్ష పెట్టండి, వెనక పేజీ కూడా దిద్దండి. మేనేజరూ, శిక్షణ సారును కూడా అదే బెంచీ మీద కూర్చోబెట్టండి. తూకమ్మ కాగితాన్ని మాత్రం ఇప్పుడే తీయండి, కొట్టేసిన తొమ్మిదికి మార్కు వేయండి, రేపు పొద్దున ఆమెను యంత్రం దగ్గరికి పంపండి.