వంతెన మీది కాలేజీ

మహారాష్ట్ర అంచున, గోదావరి ఒడ్డునున్న సిరొంచ శివారులోని చిన్న కాలేజీలో చరిత్ర చెప్పే రాయమల్లు సార్‌ను డిజిటల్ విభాగానికి సమన్వయకర్తను చేశారు. కారణం పెద్దదేమీ కాదు. ఆ మీటింగుకు ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే మిగతావాళ్లంతా తమకు రాదని చెప్పేసి కూర్చున్నారు. ఆయనది ఏటేటా పొడిగించే కొలువు కాబట్టి, రాదనే ధైర్యం లేకపోయింది.

మొదటి పని, విశ్వవిద్యాలయం పంపిన హాజరు యాప్‌లో కాలేజీ వివరాలు నింపడం. కాలేజీలో సిగ్నల్ ఉండదు. ఆ ఊళ్లో గ్యాస్ బుకింగయినా, పెళ్లి ఫొటోలు పంపడమయినా, జనం గోదావరి వంతెన మీదికి వెళ్లి అవతలి ఒడ్డు టవర్‌ను పట్టుకుని చేసుకొస్తారు. రాయమల్లు కూడా బండి వేసుకుని వెళ్లి, వంతెన నడిమధ్య ఆపి, వరసగా నింపుకుంటూ పోయాడు. చివర్లో ‘మీ కళాశాల ఈ స్థలంలోనే ఉందని ధ్రువీకరించండి’ అని ఒక మీట వచ్చింది. చదవకుండా నొక్కేశాడు. చదువు చెప్పేవాడు చదవకుండా నొక్కడమేమిటని అడుగుతారేమో. మీరు చదివే నొక్కుతున్నారా?

జూలైలో యాప్ మొదలైంది. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. కాలేజీ ఆవరణలో ఉంటేనే అది తీసుకుంటుంది. ఆవరణ అంటే, దాని లెక్కలో, వంతెన. రాయమల్లుకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తప్పు ఒప్పుకుంటే కొలువు పోతుంది. అందుకని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, నాలుగు గోడలు దాటి చదువు చెప్పడమే ఈ కొత్త పద్ధతి ఉద్దేశమని చెప్పాడు. ప్రిన్సిపాల్ పొంగిపోయి, సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి, రేపటినుంచి తరగతులన్నీ వంతెన మీదనేనని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

రెండు వందల మంది విద్యార్థులు వంతెనకు అలవాటు పడిపోయారు. మరాఠీ ఇటు పిట్టగోడ దగ్గర, అర్థశాస్త్రం అటు పిట్టగోడ దగ్గర. రసాయనశాస్త్రం వాళ్లు లారీ వచ్చినప్పుడల్లా గాజు గొట్టాలు గుండెకు హత్తుకునేవారు. రెండు చివర్లా ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డులు పెడితే, బస్సులు హారన్ కొట్టకుండా నెమ్మదిగా తప్పుకుపోయేవి. బజ్జీల బండి పోశక్క ఒకసారి సరదాగా యాప్‌లో పేరు ఎక్కించుకుంది. అందరికన్నా ఎక్కువసేపు ఆవరణలో ఉండేది ఆమే కాబట్టి, యాప్ ఆమెను సీనియర్ ఆచార్యురాలిగా గుర్తించింది. నవంబర్ వచ్చేసరికి జిల్లాలోనే ఆదర్శ డిజిటల్ కళాశాల అని అవార్డు ప్రకటించారు. రాయమల్లు కొలువు పర్మనెంట్ చేస్తామని కూడా కబురొచ్చింది.

అవార్డు ఫొటోకు బ్యానర్ కావాలంటే పాత భవనంలో ఉందని గుర్తొచ్చి, ఒకరోజు ఆయన అటు వెళ్లాడు. వరండా శుభ్రంగా ఊడ్చి ఉంది. చరిత్ర గదిలో, రెండో బెంచీ మీద, బీయే రెండో ఏడు చదివే ఆశ ఒక్కతే కూర్చుని చదువుకుంటోంది. పాతగూడెం అవతల అడవిలో ఊరు ఆమెది. బోర్డు మీద ఆ రోజు తేదీ రాసి ఉంది. సార్‌ను చూడగానే లేచి నిలబడింది.

ఇక్కడేం చేస్తున్నావని ఆయన అడిగాడు.

“రోజు వస్తున్న సార్. నా కాడ ఫోన్ లేదు, గ్రూపుల పెట్టింది నాకెట్ల తెలుస్తది? మీరు మీటింగుల ఉన్నరేమో, రేపొస్తరు, ఎల్లుండొస్తరు అనుకున్న. దసరా అయినంక తెలిసింది. వంతెన కాడ మూడింటి దాక ఉంటే మా ఊరి బస్సు అందదు, అది రెండింటికే పోతది.”

పుస్తకంలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. తిరిగొచ్చిన పరీక్ష ఫారం. హాజరు సున్నా.

“నేను కాలేజీకే రాలేదంట సార్. పరీక్షకు కూసోనియ్యం అంటున్నరు.”

రాయమల్లు సిగ్గుతో చచ్చిపోయాడు. కొలువు కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం తిరిగి తిరిగి ఈ పిల్ల మెడకు చుట్టుకుందని ఆయనకు అప్పుడు తెలిసింది.

బ్యానర్ సంగతి మరిచిపోయి ప్రిన్సిపాల్‌కు నిజం చెప్పేశాడు. అవార్డు వచ్చాక మాట్లాడుకుందామన్నాడాయన. అవార్డు నాటికి ఫారాల గడువు దాటిపోతుంది. ఇక లాభం లేదని వంతెన మీదికి వెళ్లి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు, కళాశాల ఇక్కడ లేదు అని. నిమిషంలో జవాబొచ్చింది. ఫిర్యాదుదారు ప్రస్తుతం కళాశాల ఆవరణలోనే ఉన్నారు, కనుక ఫిర్యాదు నిరాధారం.

ఇక మిగిలింది ఒకటే దారి. అసలు భవనంలో నిలబడి, ఆ మీట మళ్లీ నొక్కాలి. ఎక్కడో ఒకచోట సిగ్నల్ తగలకపోతుందా అని నీళ్ల ట్యాంకు మీదికెక్కి, మూడు రోజులు పొద్దంతా ఫోన్ ఆకాశానికి ఎత్తి కూర్చున్నాడు. కింద ఆశ నిచ్చెన పట్టుకుంది.

“మీ కొలువు పోతది గద సార్?”

“పోతది. నువ్వు జర నిచ్చెన గట్టిగ పట్టు.”

నాలుగో రోజు పన్నెండింటికి ఒకే ఒక్క గీత దొరికింది. ఈసారి ప్రతి అక్షరం చదివి నొక్కాడు.

ఆ క్షణంలో వంతెన మీదున్న రెండు వందల మందీ కాలేజీ బయట పడ్డారు. ఐదు నెలల హాజరు అందరికీ సున్నా అయిపోయింది, పోశక్కతో సహా. ప్రిన్సిపాల్ తల పట్టుకున్నాడు. అవార్డు ఆగింది. కానీ విశ్వవిద్యాలయం రెండు రోజుల్లోనే ఉత్తరువు పంపింది. ఒక్కరు రాకపోతే విద్యార్థి తప్పు, అందరూ రాకపోతే సాంకేతిక లోపం. హాజరుతో పనిలేకుండా అందరినీ పరీక్షకు కూర్చోబెట్టమన్నారు. ఆశకూ హాల్‌టికెట్ వచ్చింది.

ఇంకా పర్మనెంట్ కాని రాయమల్లుకు వచ్చిన ఉత్తరువు వేరే. తప్పు స్థలం గురించి గానీ, అబద్ధం గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు. యాప్ ఆయన హాజరును కూడా మళ్లీ లెక్కేసింది. ‘గత ఐదు నెలలుగా మీరు కళాశాలకు రాలేదు. ఒక్క పాఠం కూడా చెప్పలేదు. కావున తొలగిస్తున్నాం.’ కింద సంజాయిషీ రాసుకోవడానికి ఒక గడి ఇచ్చారు.

ఎండలో, వానలో, లారీల మధ్య గొంతు చించుకున్న రోజులన్నీ రాద్దామని మొదలుపెట్టాడు. అంతలో ఆ రెండో బెంచీ కళ్లముందుకొచ్చింది. రాసినదంతా చెరిపేసి, గడి ఖాళీగానే పంపించాడు.